సర్దార్ కాక ఒప్పుకున్న ఒక్క వస్తువు

సర్దార్ కాక పోయాడని కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను ముందు నమ్మలేదు. ఆ గ్రూపులో బతికున్న మనిషికి శ్రద్ధాంజలి పెట్టి, తర్వాత నాలుక కరుచుకున్న సందర్భాలు రెండున్నాయి. పైగా ఎవరు ఏం చెప్పినా కళ్లారా చూసే నమ్మాలని నాకు నేర్పింది ఆయనే. చెప్పులేసుకుని వాళ్ల క్వార్టర్ల లైను దాకా నడిచాను. క్వార్టర్ ముందు టెంటు వేస్తున్నారు, ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు. నిజమే. నిద్రలో గుండె ఆగిందట.

మామూలుగా ఇలాంటి చోట పోయిన మనిషి సాయంత్రానికల్లా దేవుడైపోతాడు. ఈయన విషయంలో అట్లా జరగలేదు. ఆయన దేన్ని ఎట్లా అనుమానించాడో, అమ్మేవాళ్లను ఎట్లా ఏడిపించాడో ఒక్కొక్కరే చెబుతున్నారు. నవ్వొస్తే కండువా అడ్డం పెట్టుకుంటున్నారు. నాకూ ఒక సంగతి చెప్పాలనిపించింది. ఆయన ఏ వంకా పెట్టకుండా బాగుందని ఒప్పుకున్న వస్తువు నాకు తెలిసి ఒకే ఒక్కటి ఉంది. కానీ అది ఆ టెంటు కింద చెప్పే సంగతి కాదు. అందుకే నోరు మూసుకుని కూర్చుని వచ్చాను.

ఆయన పేరు రాయను. కాలనీలో సగం మందికి ఆ పేరు తెలియదు కూడా. బొగ్గు బాయిలో ఆయన సర్దార్. బాయి అంటే మా వైపు భూమి కింది గని. లోపల మందు పెట్టి పేల్చి బొగ్గు రాల్చాక, పనివాళ్ల కంటే ముందు సర్దార్ వెళ్తాడు. కర్రతో పైకప్పును కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా ఉన్న రాయి ఒక తీరుగా మోగుతుంది, విడిపోయి వేలాడుతున్న రాయి డొల్లగా మోగుతుంది. ఆయన “పాండ్రి” అంటే వెనకున్న ఇరవై మందీ వెళ్తారు, “ఆగుండ్రి” అంటే ఇరవై మందీ ఆగుతారు. ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి షిఫ్టు దిగి బయటికొచ్చాక కూడా మామూలుగా ఉండలేడు. మా సర్దార్ కాక కనబడ్డ ప్రతిదాన్నీ కొట్టి చూసేవాడు.

పుచ్చకాయ అందరూ కొడతారు. ఆయన తలుపు కొట్టేవాడు, కొత్త ఫ్రిజ్ కొట్టేవాడు, గ్యాస్ బండ కొట్టేవాడు. టీ కొట్లో గ్లాసును వేలితో మీటి, చప్పుడు నచ్చకపోతే వేరేది అడిగేవాడు. కూరగాయలామె తక్కెడ ఎత్తితే, ముందు ఖాళీ తక్కెడ చూపించమనేవాడు. పక్క లైనులో ఒక అమ్మాయికి సంబంధం చూడటానికి ఆయన్ను వెంట తీసుకుపోయారు. అందరూ పెళ్లికొడుకు మొహం చూస్తుంటే ఈయన గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తిరగేసి చూశాడట. “ఎడమది బాగ అరిగింది. నడుముల ఏదో ఉంది, అడుగుండ్రి” అన్నాడు. అడిగితే, బండి మీద నుంచి పడి ఆపరేషన్ చేయించుకున్న మాట బయటపడింది. ఒకసారి గోదావరి పొంగినప్పుడు ఆయన భద్రాచలంలో చుట్టాలింట్లో ఉన్నాడు. మైకులో నీటిమట్టం చెబుతూనే ఉన్నారు. ఆయన మాత్రం గట్టున తన పుల్ల తాను గుచ్చుకుని, దాని పక్కనే గొడుగేసుకుని కూర్చున్నాడు.

“కప్పు ఎప్పుడు మంచిగున్న అనే అంటది బిడ్డా. కర్ర పెట్టి అడిగితేనే నిజం చెప్తది.” ఇది ఆయన మాట. రోజుకు ఒకసారైనా అనేవాడు, వస్తువుల గురించీ మనుషుల గురించీ.

ఇంకో అలవాటు ఉంది. ఆయనతో కలిసి నడిచేవాళ్లు ఎప్పుడూ ఆయన కుడిపక్కనే నడవాలి. పొరపాటున ఎడమపక్కకు వస్తే ఆగిపోయి, మనల్ని ముందుకు పోనిచ్చి, మళ్లీ కుడివైపుకు తెచ్చుకునేవాడు. బాయిలో అదొక పద్ధతి కాబోలు అనుకునేదాన్ని. పెద్దవాళ్ల పద్ధతులను మనం ఎక్కడ ఆరా తీస్తాం.

మేం ఆ కాలనీకి కొత్తగా వచ్చిన వారంలోనే ఆయన కర్ర పట్టుకుని మా క్వార్టర్లోకి వచ్చాడు. రావచ్చా అని అడగలేదు. గది గదికీ తిరిగి పైకప్పు కొట్టాడు. పడకగదిలో ఒక మూల ఆగి రెండోసారి కొట్టి, “ఈడ మంచమెయ్యకుండ్రి” అని వెళ్లిపోయాడు. మా ఆయన నవ్వాడు. నేను మాత్రం ఎందుకైనా మంచిదని మంచం జరిపాను. వానాకాలంలో సరిగ్గా ఆ మూలే సిమెంటు పెచ్చు ఊడిపడి, కింద ఉన్న స్టూలు రెండు ముక్కలైంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా సర్దార్ కాక చూడాల్సిందే.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆ ఊరి ఆస్పత్రిలో కంటి సెక్షన్‌లో టెక్నీషియన్‌ని. బాయి పనివాళ్లకు కొన్నేళ్లకోసారి జరిగే వైద్య పరీక్షలో చూపు చూసి రాసేది నేనే. మా ఆయన ఓపెన్ కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, డంపర్ లారీ నడుపుతాడు. ఇంటికొచ్చి నేను కంప్యూటర్‌లో లారీ నడుపుతాను. నా పిచ్చి అది. ముప్పై ఆరేళ్ల వయసులో ఆడదానికి ఆటలేమిటని అత్తగారు మొదలు అందరూ అడిగారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఆడుతూనే ఉన్నాను. కంప్యూటర్ తెర మీద రోడ్డు ఎంత బాగున్నా అది తెర మీది రోడ్డే. ఒక్కసారి క్యాబిన్‌లో కూర్చుని పక్కకు తిరిగి అద్దంలో చూడాలని కోరిక పుట్టింది. అందుకు వీఆర్ హెడ్‌సెట్ కావాలి.

కళ్లకు కట్టుకునే పెట్టె అది. లోపల రెండు చిన్న తెరలుంటాయి, కుడికంటికి ఒకటి, ఎడమకంటికి ఒకటి. రెండింటిలో బొమ్మ కాస్త తేడాగా వస్తుంది. మెదడు ఆ రెండూ కలుపుకుని దూరమూ దగ్గరా తెలుసుకుంటుంది. నేను రోజూ జనం కళ్లలో చూసేది ఈ సంగతే కాబట్టి, చదవగానే ముచ్చటేసింది. ఏది కొనాలన్నదే తేలలేదు. వారం రోజులు వీడియోలు చూశాను. ఒకాయన ఫలానాది మేలంటాడు, ఇంకొకాయన అదే దండగంటాడు. ఇద్దరి వీడియోల కిందా కొనే లింకు మాత్రం ఒకటే. ఇంక నాకు ఎవరి మీదా నమ్మకం కుదరలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఖమ్మంలో షాపులో దొరికే కొత్తది. అది దానంతట అదే పనిచేస్తుంది, కావాలంటే తీగతో కంప్యూటర్‌కు కలుపుకోవచ్చు. రెండోది తల్లాడలో ఒకాయన అమ్మకానికి పెట్టిన పాతది. అది పూర్తిగా కంప్యూటర్ మీద ఆధారపడేది, గోడలకు చిన్న పెట్టెలు బిగించాలి, కానీ బొమ్మ నాణ్యత ఎక్కువ. నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. అద్దాలతో సహా లోపల పట్టాలి. తల తిరక్కూడదు. మా కంప్యూటర్ దాన్ని లాగగలగాలి. ఇవన్నీ కాకకు చెప్పాను.

ఆయన ముందు మా కంప్యూటర్ పెట్టెను కొట్టి చూశాడు.

“డొల్లగ మోగుతుంది. లోపల సగం ఖాళీ.”

“అవ్ కాకా, గాలి ఆడాలని.”

“గాలికి గూడ పైసలు తీసుకున్నరా?”

తర్వాత హెడ్‌సెట్ బొమ్మ ఫోన్‌లో చూపించాను. ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. “గానుగెద్దుకు కడ్తరు గంతలు. నువ్వు పైసలిచ్చి కట్టుకుంటనంటున్నవ్” అన్నాడు. అయినా ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని బస్టాండుకు వచ్చాడు. తనకు నచ్చని వస్తువైనా సరే, ఇంకొకరు మోసపోవడం ఆయనకు ఇష్టముండదు.

ఖమ్మం షాపులో ఆయన అడిగిన ప్రశ్నలకు షాపాయనకు చెమటలు పట్టాయి. ఇది పాడైతే ఇక్కడ బాగుచేస్తారా, ఎక్కడికో పంపుతారా. పంపితే ఎన్నాళ్లు. అకౌంటు తెరిస్తేనే పనిచేస్తుందంటున్నారు, ఆ అకౌంటు వాళ్లు రేపు మూసేస్తే ఈ డబ్బా ఏం చేసుకోవాలి. “నా తల ఎటు తిరిగేది, చేయి ఎటు పోయేది దీనికి తెలుస్తదంటున్నవ్. అది వానికెందుకయా?” అని నిలదీశాడు. షాపాయన “అందరూ తీసుకుంటున్నరు సార్” అన్నాడు. కాకకు అంతకంటే అనుమానం కలిగించే మాట లేదు. నేను పెట్టుకుని చూశాను. బాగుంది. ఆయన్ను కూడా చూడమంటే, “నలుగురి చెమట అంటింది, నాకొద్దు. నువ్వు బొమ్మ చూడు, నేను తీగ చూస్త” అని తీగను ఈ కొన నుంచి ఆ కొన దాకా వేళ్లతో తడిమాడు. ఎటూ తేల్చకుండా బయటపడి తల్లాడ బస్సెక్కాం.

తల్లాడలో ఆయనది మిర్చి, పత్తి వ్యాపారం. కోస్తా వైపు నుంచి వచ్చి ఎప్పుడో స్థిరపడ్డ కుటుంబం. మర్యాదలకు లోటు లేదు. మజ్జిగ ఇచ్చారు, మేడ మీదికి తీసుకెళ్లారు. గదంతా మిర్చి ఘాటు. పెద్ద కంప్యూటర్, గోడలకు రెండు నల్లటి చిన్న పెట్టెలు, బల్ల మీద హెడ్‌సెట్.

“నెలరోజులు వాడామండీ, అంతే. సీజనొచ్చింది, ఇంక టైముండదు కదండీ” అన్నాడాయన.

కాక హెడ్‌సెట్ వంక చూడలేదు. గోడల వంక చూశాడు. “నెల వాడితే గోడకు గిన్ని బొక్కలెందుకయినయ్? గీ పెట్టెలు మూడు దిక్కుల మార్చిండ్రు. మూడు చోట్ల సున్నం రంగు వేరేగుంది.”

వ్యాపారి నవ్వి, మహా అయితే ఒక ఏడాది అయి ఉంటుందని ఒప్పుకున్నాడు. కాక మొహానికి ఆనే స్పాంజిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తీగను తడిమాడు. పెట్టెను కొట్టాడు. ఎందుకు అమ్ముతున్నారని నాలుగు రకాలుగా నాలుగుసార్లు అడిగాడు. నాకు లోపల ఆనందంగా ఉంది. ఈ మనిషి పక్కనుంటే నన్ను ఎవరూ ఏమీ చేయలేరనిపించింది. చివరికి వ్యాపారికి విసుగొచ్చినట్టుంది.

“ఇన్ని అడుగుతున్నారు కదండీ పెద్దాయనా, మీరే పెట్టుకుని చూడండి. మీరు బాగుందంటేనే మాట్లాడుకుందాం.”

కాక నావైపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నలుగురి చెమట అనే వంక ఇక్కడ చెల్లదు, స్పాంజి కొత్తది వేశామని ముందే చెప్పారు. ఆయన పెట్టుకున్నాడు. వ్యాపారి కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు. తెర మీద మాకు కొండల మధ్య రోడ్డు కనబడింది. కాక తల మెల్లగా అటూ ఇటూ తిప్పాడు, పైకి చూశాడు. పైకి చూసి చాలాసేపు ఆగాడు.

“మంచిగుంది” అన్నాడు. “తీసుకో బిడ్డా.”

నేను ఆయన నోట మంచిగుంది అన్న మాట వినడం అదే మొదలు. వ్యాపారి వెంటనే చేతులు రుద్దుకుని బేరం మొదలెట్టబోయాడు. ఆ తొందర చూసి, ఒక్క నిమిషం ఆగండని నేను కళ్లద్దాలు సర్దుకుని హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

ఎడమపక్క చీకటి. సరిగ్గా పెట్టుకోలేదేమోనని జరిపాను. తీసి, మళ్లీ పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ కుడికన్ను మూశాను. ఏమీ లేదు. ఎడమ తెర పూర్తిగా చచ్చిపోయి ఉంది. కుడిదాంట్లో మాత్రం కొండలు, రోడ్డు, ఎండ, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. బయట కంప్యూటర్‌లో కనబడేది కూడా ఆ కుడికంటి బొమ్మే.

నా మనసులో మొదట పుట్టిన అనుమానం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వీళ్లిద్దరికీ ముందే పరిచయం ఉందా అనుకున్నాను. చెప్పు అరుగుదల చూసి నడుము నొప్పి కనిపెట్టిన మనిషికి సగం పెట్టె చీకటిగా ఉంటే తెలియలేదంటే ఎట్లా నమ్మను.

“ఎడమ పక్క రావట్లేదండీ” అన్నాను.

వ్యాపారి మొహం మారలేదు. “అదేంటండీ, పెద్దాయన ఇప్పుడే చూసి బాగుందన్నారు కదా. మీరు పెట్టుకున్నాకే పోయిందంటే మేమేం చెయ్యాలి? పాడుచేసి వద్దంటే ఎట్లా అండీ?” అన్నాడు. గుమ్మం దగ్గరికి ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. మజ్జిగ ఇచ్చిన ఇల్లేనా ఇది అనిపించింది. నా తరఫున సాక్షి ఒక్కడే, ఆ సాక్షే నాకు ఎదురు.

కాక నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తాడు.

“ఆమె పెట్టుకున్నంక పోలే. ముందే పోయింది. నేను సరిగ చూడలే. తప్పు నాది.”

ఆయన తప్పు ఒప్పుకోవడం కూడా నేను వినడం అదే మొదలు. వ్యాపారి ఇంకేమీ అనలేక తీగ వదులైందేమోనని గొణిగాడు. మేం దిగి వచ్చేశాం.

తిరుగు బస్సులో నేను కావాలని ఆయన ఎడమపక్క కూర్చున్నాను. కుడిపక్కకు రమ్మన్నాడు. గాలి కావాలన్నాను. ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. జామకాయ కోయించి తెచ్చాను. ఒక ముక్క ఆయన చెంపకు జానెడు దూరంలో పట్టుకున్నాను. తీసుకోలేదు. చెయ్యి ఇంకా దగ్గరికి తీసుకెళ్లి గభాలున కదిపాను. ఆయన రెప్ప పడలేదు. నా సెక్షన్‌లో రోజూ చేసే పరీక్షే అది.

రెండేళ్ల కింద ఆయన చూపు చూసి, రెండు కళ్లూ బాగున్నాయని రాసి సంతకం పెట్టింది నేనే.

“కాకా, ఎడమ కన్ను ఎప్పటిసంది కనబడ్తలేదు?”

ఏ కన్ను అని ఆయన అడగలేదు. “నాలుగేండ్లయితుంది.”

“మరి నా దగ్గర పరీక్షల ఎట్ల పాసైనవ్?”

ఆయన కుడి అరచేత్తో ఎడమకన్ను మూశాడు. “ఒక కన్ను మూసి చదువు అన్నవ్. చదివిన.” చెయ్యి దించి, ఈసారి ఎడమ అరచెయ్యి ఎత్తి మళ్లీ అదే ఎడమకన్ను మూశాడు. “ఇప్పుడు రెండోది మూయి అన్నవ్. మూసిన, చదివిన. గుడ్డికన్ను మూసినా తెరిచినా ఒకటే గద బిడ్డా.”

బయట వరుసలో ఎనభై మంది ఉంటారు. చెయ్యి మారిందా లేదా అని చూశాను కానీ, కన్ను మారిందా లేదా అని చూడలేదు. నల్ల అట్టముక్క సొరుగులో ఉంది. దాంతో నేనే మూయాలి. పని తొందరగా తెములుతుందని ఎవరి చేత్తో వాళ్లనే మూసుకోమనేదాన్ని. ఎంతమందికి అట్లా రాశానో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

“నీ వెనక ఇరవై మంది దిగుతరు కాకా.”

“కప్పును నేను కండ్లతోని చూడ. చెవితోని చూస్త. నా షిఫ్టుల ఒక్కనికన్న గీత పడ్డదా?”

“కప్పుకు చెవి సరిపోతది. ఎడమపక్క నుంచి బొగ్గు టబ్బు దొర్లి వస్తే? పక్కగోడ జారితే ఎవలకు చెప్తవ్, ఎట్ల చెప్తవ్?”

బస్సు ఏన్కూరు దాటింది. ఆయన చాలా మెల్లగా అన్నాడు: “నువ్వు అన్‌ఫిట్ రాస్తే నా కొడుకు దిగుతడు.”

మా ఊళ్లో ఇది అందరికీ తెలిసిన లెక్క. సర్వీసు ఉండగా పనివాడు ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే, ఆ ఉద్యోగం పిల్లలకు అడగొచ్చు. లేని నొప్పులు చెప్పుకుని డాక్టర్ల చుట్టూ తిరిగినవాళ్లను నేను చూశాను. ఉన్న గుడ్డితనాన్ని దాచుకుని ఉద్యోగం చేస్తున్న మనిషిని మాత్రం ఇదే చూడటం. ఆయనకింకా మూడేళ్ల సర్వీసుంది. కొడుకు ఖమ్మంలో ఏసీ మెకానిక్.

“వాని పని మంచిగనే ఉంది. కని బాయి జీతం బాయి జీతమే అంటడు. వాళ్లమ్మ గదే అంటది. ఇంకో మూడేండ్లు గట్టెక్కితే ఆ ఆశ ఇడుస్తరు. నేను ముప్పై ఏండ్లు కప్పు కొట్టిన. దాని సంగతి నాకెరుక. నా కొడుకు తలకాయ మీది కప్పును ఇంకోడు కొట్టి మంచిగుందంటే, నేను నమ్మ.”

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. తన కొడుకు తల కోసం ఇంకో ఇరవై మంది తలల మీద సగం చూపుతో కర్ర తిప్పుతున్నాడు. ఆ ఇరవై మందికీ తండ్రులు లేరా. అదే మాట అన్నాను.

“రేపు దిగకు కాకా. పొద్దున దవాఖానకు నువ్వే రా. రాకపోతే నేనే రాసిస్త.”

“రాస్తే నీ సంతకం గూడ బయటపడ్తది.”

బెదిరించాడో, జాగ్రత్త చెప్పాడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నదాన్ని కదా, రెండూ అనుకున్నాను. “పడనీ” అన్నాను. ఆ మాట అన్న నోరు ఇంటికొచ్చాక తడారిపోయింది.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టు బస్సు మా లైను ముందు నుంచే వెళ్లింది. కిటికీలన్నీ చూశాను. ఆయన లేడు. అయినా నమ్మలేదు, సైకిల్ మీద వెళ్లి ఉండొచ్చు కదా. ఆస్పత్రికి పోయేసరికి నా గది ముందు బెంచీ మీద, గోడకు ఎడమభుజం ఆనించి కూర్చుని ఉన్నాడు. సొరుగులోంచి నల్ల అట్ట తీసి కుడికన్ను నేనే మూశాను. గోడ మీది అక్షరాలు ఒక్కో వరుసా చూపించాను. “కనబడ్తలేదు” అన్నాడు. ప్రతి వరుసకూ అదే మాట, ఆఖరి వరుస దాకా. డాక్టర్‌కు నా తప్పు కూడా చెప్పాను. నాకు మెమో వచ్చింది. ఆయనకు అన్‌ఫిట్ వచ్చింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని, రెండో కంటికైనా రోజూ చుక్కల మందు వేసుకోవాలని చెప్పి పంపారు.

తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. మనిషి మీద కోపమొస్తే జనం మొహం తిప్పుకుంటారు. ఆయనకు ఆ శ్రమ కూడా అక్కర్లేకపోయింది. నేనెదురైతే నేను ఎడమపక్క పడేట్టు నడిచి వెళ్లిపోయేవాడు. ఇన్నేళ్లూ కుడిపక్కన నడిపించుకున్న మనిషి అట్లా చేస్తే ఎంత నొప్పిగా ఉంటుందో నాకే తెలుసు.

ఆ మధ్య నేను ఖమ్మం షాపులో కొత్త హెడ్‌సెట్ కొన్నాను. అకౌంటు కావాలన్నదే కొన్నాను. ఇంటికి తెచ్చిన రెండో రోజు కాక వాళ్లావిడ కరివేపాకు కోసం వచ్చి, వెళ్తూ వెళ్తూ, “రెండు పక్కల మూసి చూసి తీసుకుందా అని అడగమన్నడమ్మా. నేనడిగిన్నని చెప్పకన్నడు” అంది. చూసే తీసుకున్నానని చెప్పమన్నాను. ఆ పూట లారీ క్యాబిన్‌లో కూర్చుని పక్కకు తిరిగి అద్దంలో చూశాను. రోడ్డు ఎంత దూరం పోతుందో తెలుస్తోంది. కాసేపటికి తీసి పక్కన పెట్టేశాను. ఆ లోతు ఆయనకు నాలుగేళ్లుగా లేదన్న ఆలోచన పోలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఆయన కొడుకు ఉద్యోగం కాగితాలు కదిలాయి. చేరే ముందు వైద్య పరీక్ష. కంటి చూపు నా దగ్గరే. మనిషి బలంగా, నవ్వు మొహంతో ఉన్నాడు. “నమస్తే అక్కా” అన్నాడు. వెనకాల గుమ్మంలో కాక నిలబడ్డాడు. లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. నేను పొమ్మనలేదు.

అట్టముక్కతో కుడికన్ను మూశాను. గడగడా చదివాడు, ఆఖరి చిన్న వరుసతో సహా. ఎడమకన్ను మూశాను. మళ్లీ ఆఖరి వరుస దాకా చదివాడు. రంగుల పుస్తకం చూపించాను. ఒక్క తప్పు లేదు.

“రెండు కండ్లు మంచిగున్నయ్ కాకా” అన్నాను. వేరే ఏ తండ్రైనా ఆ మాటకు సంతోషించేవాడు.

“మళ్లొకసారి చూడు బిడ్డా” అన్నాడాయన. ఎనిమిది నెలల్లో నాతో అన్న మొదటి మాట.

ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. నేను అబద్ధం రాయనని ఆయనకూ తెలుసు. అయినా అడిగాడు. రంగు తేడా తెలియదని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ మనిషి ఖమ్మం వెళ్లి ఏసీలు బాగుచేసుకుంటూ బతుకుతాడు. నా ఉద్యోగంలో అబద్ధం రాయాలని మనసు లాగిన రోజు అదొక్కటే. మళ్లీ కూర్చోబెట్టి, అట్టతో మూసి, మొదటి వరుస నుంచి చదివించాను. కొడుకు ఓపికగా చదివాడు. ఒక్క అక్షరమైనా తప్పు చదవకూడదా అని ప్రతి అక్షరానికీ ఎదురుచూశాను. రెండోసారి కూడా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి.

కాగితం మీద రాసి, సంతకం పెట్టి, గుమ్మం దాకా వెళ్లి ఆయన కుడిపక్కన నిలబడి చేతికిచ్చాను. ఆయన ఆ కాగితం దూరంగా పట్టుకుని చాలాసేపు చదివాడు. తర్వాత “అవ్” అని, దాన్ని నాలుగు మడతలు పెట్టి కొడుకు చొక్కా జేబులో పెట్టి, ఆ జేబు మీద చెయ్యి అట్లాగే ఉంచాడు.